లెక్కల పెట్టె: వేయిని మూడులో రాస్తే

పోయిన నెల వేయి స్తంభాల గుడి మీద ఒక పొడుపు లెక్కకు జవాబిస్తూ చివర్లో ఒక్క వాక్యం కలిపాం: "వేయిని మూడు ఆధారంలో రాస్తే 1101001 అవుతుంది, అందులో 2 అనే అంకే రాదు." వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ వాక్యం మీదే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం త్రిసంఖ్యామానానికే ఇచ్చేశాం.

ముందుగా ఒక ఏర్పాటు. మూడు ఆధారంలో రాసిన సంఖ్యలకు ఇరువైపులా ఒంటి కొటేషన్ గుర్తు పెడతాం: '12'. గుర్తు లేనివన్నీ మామూలు సంఖ్యలు. '12'ను పన్నెండు అని చదవకండి, "ఒకటి రెండు" అని చదవండి. దాని విలువ 5. మామూలు పద్ధతిలో ఎడమకు జరిగేకొద్దీ స్థానం విలువ పదింతలైతే ఇక్కడ మూడింతలవుతుంది: 1, 3, 9, 27, 81, 243, 729, 2187. అంకెలు మూడే: 0, 1, 2.

ప్రశ్న: 1000ని వరుసగా 3తో భాగిస్తూ పోతే నాకు శేషాలు 1, 0, 0, 1, 0, 1, 1 వచ్చాయి. అంటే 1001011 కావాలి కదా? మీది అచ్చుతప్పా?
– ఇంటర్ విద్యార్థి, హన్మకొండ

జవాబు: అచ్చుతప్పు కాదు. మీ భాగహారంలోనూ తప్పు లేదు, చదివిన దిక్కులో ఉంది. లెక్కను పక్కపక్కన పెట్టి చూద్దాం.

1000 ÷ 3 = 333, శేషం 1
333 ÷ 3 = 111, శేషం 0
111 ÷ 3 = 37, శేషం 0
37 ÷ 3 = 12, శేషం 1
12 ÷ 3 = 4, శేషం 0
4 ÷ 3 = 1, శేషం 1
1 ÷ 3 = 0, శేషం 1

మొదటి వరుసలో వేయిని మూడేసి చొప్పున కట్టలు కడితే 333 కట్టలయ్యాయి, ఒకటి విడిగా మిగిలింది. ఆ విడిగా మిగిలిందే ఒకట్ల స్థానం, అంటే కుడి చివరి అంకె. ఆఖరున వచ్చిన శేషం అన్నిటికంటే పెద్ద స్థానానిది. కాబట్టి శేషాలను కింది నుంచి పైకి చదవాలి: '1101001'. మీరు పై నుంచి చదివిన '1001011' విలువ 729 + 27 + 3 + 1 = 760.

ఇంకో ఉత్తరంలో '101001' అని వచ్చింది. వారు భాగఫలం 1 రాగానే ఆపేశారు. భాగఫలం సున్నా అయ్యేదాకా ఆపకూడదు. ఆ ఒక్క వరుస వదిలేస్తే ఎడమ చివరి 1 పోయి, విలువ 1000 నుంచి 271కి పడిపోతుంది.

సరిచూసుకోవడం తేలిక. ఎడమ అంకెతో మొదలుపెట్టి, ప్రతిసారీ మూడుతో హెచ్చవేసి పక్క అంకెను కలుపుతూ రండి. '1101001'కి 1, 4, 12, 37, 111, 333, 1000 వస్తాయి. పైన వచ్చిన భాగఫలాలే కింది నుంచి పైకి మళ్లీ ఎక్కుతున్నాయి, గమనించారా? ఎక్కడ తేడా వస్తే ఆ వరుసలోనే తప్పు చేశారన్నమాట.

భాగహారం లేకుండా పై నుంచి తీసివేసుకుంటూ రావడం ఇంకో పద్ధతి. గుడి శాసనం సంవత్సరం 1163ని తీసుకోండి. 729 ఒకసారి పోతే 434. 243 ఒకసారి పోతే 191. 81 రెండుసార్లు పోతే 29. 27 ఒకసారి పోతే 2. 9 పోదు, 3 పోదు, ఒకట్లు రెండు. జవాబు '1121002'. ఈ పద్ధతిలో ఎక్కువమంది చేసే పొరపాటు, పోని స్థానంలో సున్నా వేయకుండా దాటేయడం. రెండు సున్నాలు మరిస్తే '11212' అవుతుంది, అది 131. చిన్న సంఖ్యలకు ఇది బాగుంటుంది. అయిదారు అంకెల సంఖ్యలకైతే భాగహారమే నయం.

ప్రశ్న: మూడు ఆధారం అన్నప్పుడు 3 అనే అంకె ఎందుకు ఉండదు?
– ఏడో తరగతి విద్యార్థిని, జనగామ

జవాబు: పది ఆధారంలో "పది"కి విడిగా అంకె ఉందా? లేదు, 10 అని రెండు అంకెలతో రాస్తాం. అలాగే ఇక్కడ మూడు అంటే '10'. తొమ్మిది '100', ఇరవయ్యేడు '1000'.

ప్రశ్న: సరి సంఖ్య, బేసి సంఖ్య పోల్చడంలో మా పిల్లలు తికమక పడుతున్నారు. '11' అంటే 4, సరి. '12' అంటే 5, బేసి. చివరి అంకె చూస్తే అంతా తిరగబడినట్టుంది. ఇక్కడ భాజనీయతా సూత్రాలే ఉండవా?
– గణితం టీచరు, పరకాల

జవాబు: ఉంటాయి సార్, బోలెడు. కాకపోతే ఏ సూత్రం ఏ సంఖ్యకు పనిచేస్తుందన్నది మారిపోతుంది. పది ఆధారంలో చివరి అంకె చూసి 2, 5, 10లకు చెప్పగలగడానికి కారణం అవి పదిని భాగించడమే. మూడును భాగించేది మూడే. కాబట్టి చివరి అంకె ఇక్కడ మూడు సంగతే చెబుతుంది: చివర ఒక సున్నా ఉంటే 3తో, రెండుంటే 9తో, మూడుంటే 27తో భాగింపబడుతుంది. సరి, బేసి ఆ అంకెకు తెలియదు.

మరి సరి, బేసి ఎక్కడ దొరుకుతుంది? 1, 3, 9, 27 అన్నీ బేసి సంఖ్యలే. '2' ఏ స్థానంలో ఉన్నా సరి విలువనే కలుపుతుంది, '1' ఏ స్థానంలో ఉన్నా బేసి విలువను కలుపుతుంది. అంటే 1లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే చాలు. 1లు సరి సంఖ్యలో ఉంటే సంఖ్య సరి, లేకపోతే బేసి. వేయిలో నాలుగు 1లు, సరి. 1163 = '1121002'లో మూడు, బేసి. 2లను, సున్నాలను పట్టించుకోనక్కర్లేదు.

దీని వెనకున్న సంగతి పిల్లలకు చెప్పాల్సింది. పదిలో అంకెల మొత్తం 9కి పనిచేస్తుంది, అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడి, తీసివేయడం 11కి పనిచేస్తుంది. 9 అంటే పదికి ఒకటి తక్కువ, 11 అంటే ఒకటి ఎక్కువ. మూడుకు ఒకటి తక్కువ 2, ఒకటి ఎక్కువ 4. కాబట్టి అంకెల మొత్తం 2కి, కూడి తీసివేయడం 4కి పనిచేస్తాయి. 9 సూత్రం తొమ్మిదికి ఉన్న గొప్పతనం కాదు, పది పక్కన పుట్టడం దాని అదృష్టం.

ఇంతటితో ఆగదు. రెండేసి అంకెలు గుంపు కడితే ఆధారం 9 అయినట్టే, మూడేసి కడితే 27 అయినట్టే. వాటికీ ఇరుగు పొరుగు ఉంటాయి. వరంగల్ ఎస్టీడీ కోడు 870తో చేసి చూపిస్తాం. మూడులో అది '1012020'.

మొదట ఒక్కో అంకెతో. కుడి నుంచి 0 − 2 + 0 − 2 + 1 − 0 + 1 = −2. దీనికి 4 కలిపితే 2. అంటే 870ని 4తో భాగిస్తే శేషం 2.

రెండేసి గుంపులు: '1', '01', '20', '20'. విలువలు 1, 1, 6, 6. మొత్తం 14, దాన్ని 8తో భాగిస్తే శేషం 6, 870కి కూడా 8తో శేషం 6. కుడి నుంచి కూడి తీసివేస్తే 6 − 6 + 1 − 1 = 0. తొమ్మిదికి ఒకటి ఎక్కువ 10 కాబట్టి, ఈ సున్నా 870 పదితో భాగింపబడుతుందని చెబుతోంది. 5తో కూడా ఇదే పరీక్ష.

మూడేసి గుంపులు: '1', '012', '020'. విలువలు 1, 5, 6. మొత్తం 12, ఇది 26తో భాగిస్తే వచ్చే శేషం. 13 పరీక్షకూ ఇదే వాడొచ్చు. కూడి తీసివేస్తే 6 − 5 + 1 = 2, ఇది 28తో వచ్చే శేషం. 7 పరీక్ష ఇక్కడే దొరుకుతుంది: 870ని 7తో భాగిస్తే శేషం 2. పదిలో 7కి సూత్రం నేర్పడానికి మీరు పడే తిప్పలతో పోలిస్తే ఇది చాలా సాఫీగా ఉంటుంది.

తప్పెక్కడ జరుగుతుందంటే గుంపులు ఎడమ నుంచి కట్టడం దగ్గర. ఎప్పుడూ కుడి నుంచే కట్టాలి, ఎడమ చివర ఒక్క అంకె మిగిలినా ఫర్వాలేదు. రెండో తప్పు, గుంపు '20'ని ఇరవైగా కూడటం. అది ఆరు.

ప్రశ్న: పోటీ పరీక్షల్లో ఒక సంఖ్య పూర్ణ వర్గమా కాదా అని త్వరగా చెప్పాల్సి వస్తుంది. మూడు ఆధారంలో దీనికి సులువుందని విన్నాను. నిజమేనా?
– నిరుద్యోగి, కరీంనగర్

జవాబు: నిజమే, కానీ పరీక్ష హాల్లో మీకు అంతగా అక్కరకు రాదు. ముందు సంగతి చెబుతాం.

వర్గ సంఖ్యను మూడు ఆధారంలో రాస్తే రెండు గుర్తులు తప్పకుండా ఉంటాయి. చివరి సున్నాలు సరి సంఖ్యలో ఉంటాయి (అసలు లేకపోయినా సరే). ఆ సున్నాలు తీసేశాక మిగిలే చివరి అంకె 1 అయి తీరుతుంది, 2 కాదు. ఎందుకంటే మూడుతో భాగింపబడని సంఖ్య చివరి అంకె 1 లేదా 2. 1 × 1 = '1', 2 × 2 = '11', రెండింటా చివర 1. మూడుతో భాగింపబడేదైతే ఎన్ని సున్నాలున్నాయో వర్గంలో దానికి రెట్టింపు వస్తాయి.

1163 = '1121002', చివర 2, వర్గం కాదు. 870 = '1012020', చివర ఒకే సున్నా, వర్గం కాదు. అయితే 1000 = '1101001' ఈ పరీక్ష దాటుతుంది, వర్గం మాత్రం కాదు. గుర్తు లేకపోతే కొట్టేయొచ్చు, ఉంటే మాత్రం వర్గమేనని అనలేం. లెక్కేస్తే ఎనిమిది సంఖ్యల్లో అయిదింటిని ఈ జల్లెడ ఆపేస్తుంది.

కానీ మూడులోకి మార్చుకునే సమయంలో మీరు వర్గమూలమే కట్టేయొచ్చు. హాల్లో అంకెలు కూడి 9తో శేషం చూడండి. వర్గాలకు 0, 1, 4, 7 తప్ప వేరే శేషం రాదు. దానికి తోడు చివరి అంకె 2, 3, 7, 8 అయితే వర్గం కాదన్న పాత సూత్రం కలిపితే పని నడుస్తుంది.

వర్గాల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. '11111' విలువ 121, అంటే 11 వర్గం. 11 మూడులో '102'. గుణించి చూడండి: '102'ను 2తో హెచ్చిస్తే '211', '100'తో హెచ్చిస్తే '10200'. రెండూ కూడితే మధ్య స్థానంలో 2 + 2 = '11', ఒకటి రాసి ఒకటి పక్కకు. మొత్తం '11111'. అన్నీ 1లే ఉండి, మూడు అంకెలకు తక్కువ కాకుండా వర్గమయ్యే సంఖ్య ఏ ఆధారంలోనైనా ఇదికాక ఇంకొకటే ఉంది: ఏడు ఆధారంలో 1111, అంటే 400, ఇరవై వర్గం. మరొకటి లేదని నార్వే గణితజ్ఞుడు లుంగ్‌గ్రెన్ 1943లో తేల్చాడు.

ప్రశ్న: మా ఇంట్లో పాత తరాజు ఉంది. 1 నుంచి 40 కిలోల దాకా ఏ తూకమైనా నాలుగే రాళ్లతో తూచొచ్చని ఎవరో అన్నారు. నాకు ఆరు రాళ్లకు తక్కువ కుదరట్లేదు.
– మక్కల వ్యాపారి, ఏనుమాముల

జవాబు: మీరు రాళ్లన్నీ ఒకే పళ్లెంలో వేస్తున్నారు. అలా అయితే 1, 2, 4, 8, 16, 32 ఆరూ కావాల్సిందే. అయిదు రాళ్లతో 31 దాటలేరు. సరుకు పక్కన కూడా రాయి వేయొచ్చంటే నాలుగు చాలు: 1, 3, 9, 27 కిలోలు. ఇటలీలో ఫిబొనాచి 1202లోనే ఈ నాలుగు రాళ్ల లెక్క రాశాడు, ఫ్రాన్స్‌లో బాషె 1612లో మళ్లీ అచ్చువేశాడు.

ఒక్కో రాయికి మూడే గతులు: సరుకుకు ఎదురు పళ్లెం, సరుకు పళ్లెం, కింద పక్కన. వీటినే +1, −1, 0 అనుకోండి. నాలుగు రాళ్లకు 3 × 3 × 3 × 3 = 81 విధాలు. అందులో 40 ఒకవైపు, 40 రెండో వైపు, ఒకటి ఖాళీ తరాజు. ఒక్క విధమూ వృథా పోదు, ఒక్క తూకమూ రెండు విధాలుగా రాదు.

ఏ రాయి ఎటు వేయాలో తెలుసుకోవడానికి మూడుతో భాగించండి, ఒక్క మార్పుతో. శేషం 2 వస్తే 2 రాయకుండా −1 రాసి, భాగఫలానికి ఒకటి కలపండి. 32 కిలోల మక్కల సంచి అనుకుందాం.

32 ÷ 3 = 10, శేషం 2. కాబట్టి −1, భాగఫలం 11.
11 ÷ 3 = 3, శేషం 2. మళ్లీ −1, భాగఫలం 4.
4 ÷ 3 = 1, శేషం 1.
1 ÷ 3 = 0, శేషం 1.

కింది నుంచి: 27కి +1, 9కి +1, 3కి −1, 1కి −1. ఎదురు పళ్లెంలో 27, 9 వేయండి. సంచి పక్కన 3, 1 వేయండి. 32 + 4 = 36, అటు 27 + 9 = 36. అయిదో రాయి 81 కిలోలది చేర్చుకుంటే 121 దాకా వెళ్లొచ్చు.

ఇంట్లో పిల్లలకు చూపించడానికి భేష్, అంగట్లో మాత్రం వాడకండి. చట్టప్రకారం వ్యాపారానికి ముద్ర వేసిన రాళ్లు 1, 2, 5, 10, 20 వరుసలో ఉంటాయి, 3, 9, 27లు ఆ వరుసలో లేవు. పైగా రెండు వైపులా రాళ్లు వేసినప్పుడు రైతు చూసి లెక్క పోల్చుకోలేడు, అనుమానం రావడం సహజం. తరాజులోనూ ఒక చిక్కుంది. దండె రెండు చేతులూ సమానంగా లేకపోతే ఖాళీ పళ్లేలు సరిగ్గా నిలిచినా బరువేసినప్పుడు తేడా వస్తుంది. రాళ్లు ఒకేవైపు ఉంటే ఆ తేడా తూకానికి ఒకే నిష్పత్తిలో ఉంటుంది. రెండువైపులా ఉంటే ఒక్కో తూకానికి ఒక్కో రకంగా మారుతుంది. పరీక్షించాలంటే సరుకును, రాళ్లను పళ్లేలు మార్చి వేసి చూడండి. అప్పుడూ ముల్లు నడుమ నిలిస్తే దండె మంచిదే.

ప్రశ్న: ఇంత పొందికగా ఉన్నప్పుడు కంప్యూటర్లు రెండు ఆధారంతోనే ఎందుకు నడుస్తున్నాయి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

జవాబు: కాగితం మీద మూడే గెలుస్తుంది. మీ దగ్గర 30 అట్టముక్కలున్నాయనుకోండి, ఒక్కో స్థానానికి ఆ ఆధారంలోని అంకెలన్నీ ఒక్కో ముక్క మీద రాసి పెట్టాలి. పది ఆధారంలో మూడు స్థానాలొస్తాయి, 1000 సంఖ్యలు చూపగలరు. అయిదులో ఆరు స్థానాలు, 15,625. రెండులో పదిహేను స్థానాలు, 32,768. మూడులో పది స్థానాలు, 59,049. ఇ అనే స్థిరాంకం విలువ 2.718, దానికి దగ్గరి పూర్ణాంకం 3 కావడమే ఇందుకు కారణం.

తయారు కూడా చేశారు. మాస్కో స్టేట్ యూనివర్సిటీలో నికొలాయ్ బ్రుసెంత్సోవ్ బృందం 1958లో సెతున్ అనే యంత్రాన్ని కట్టింది. అంకెలు −1, 0, 1, అంటే పైన తరాజు లెక్కే. అందులో ఒక పెద్ద పదం 18 అంకెలు. యాభై దాకా యంత్రాలు తయారయ్యాయి. ఈ పద్ధతిలో రుణ సంఖ్యకు విడిగా గుర్తు అక్కర్లేదు: ఎడమ చివరి అంకె +1 అయితే ధనం, −1 అయితే రుణం. అంకెలన్నిటి గుర్తులు తిప్పేస్తే సంఖ్య గుర్తు తిరుగుతుంది. తీసివేతకు వేరే సర్క్యూట్ అవసరం పడదు.

దెబ్బ ఎక్కడ పడిందంటే, ఆ అట్టముక్కల లెక్క మూడు స్థితుల భాగం ఖర్చు రెండు స్థితుల భాగానికి ఒకటిన్నర రెట్లే అనుకుంటుంది. సెతున్‌లో ఒక్కో అంకె దాచడానికి రెండు అయస్కాంత ఉంగరాల జత వాడారు. ఆ రెండు ఉంగరాల్లో రెండు ద్విసంఖ్య అంకెలు, అంటే నాలుగు స్థితులు పట్టేవి. మూడు వాడుకుని నాలుగో స్థితిని వదిలేసినట్టయింది. ట్రాన్సిస్టర్ కథా అంతే: పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్ రెండూ గట్టి స్థితులు. నడిమి వోల్టేజీని పట్టి నిలపాలంటే వేడికీ, రొదకూ అటో ఇటో జారిపోతుంది. గణితం ఓడలేదు కానీ, వస్తువు ఒప్పుకోలేదు.

ప్రశ్న: 1000 ఫాక్టోరియల్‌లో (1 నుంచి 1000 దాకా అన్నిటినీ హెచ్చవేస్తే వచ్చే సంఖ్యలో) 3 ఎన్నిసార్లు కారణాంకంగా వస్తుంది? 333, 111, 37 అని కూడుతూ పోవడం కాకుండా దగ్గరి దారి ఉందా?
– డిగ్రీ విద్యార్థిని, నర్సంపేట

జవాబు: ఉంది. సంఖ్యలోంచి దాని త్రిసంఖ్య అంకెల మొత్తాన్ని తీసేసి సగం చేయండి. '1101001' అంకెల మొత్తం 4. 1000 − 4 = 996, సగం 498. మీ దారిలో 333 + 111 + 37 + 12 + 4 + 1 కూడా 498. ఇది లెజాండ్ర్ సూత్రం.

కారణం మీ కూడికలోనే ఉంది. 3తో భాగించి శేషం వదిలేయడమంటే చివరి అంకెను చెరిపేయడమే. 27ల స్థానంలో ఉన్న 1, చెరుపుతూ పోతే 9, 3, 1గా మారుతూ మొత్తం 13 ఇస్తుంది. 13 అంటే 27లో ఒకటి తీసి సగం చేసింది. ప్రతి అంకెకూ ఇలాగే "ఒకటి తీసి సగం". అన్నీ కలిపితే అంకెల మొత్తమంత తీసి సగం.

పాస్కల్ త్రిభుజం (ప్రతి వరుసకు రెండు చివర్లా 1, నడుమ ప్రతి సంఖ్యా పై వరుసలోని పక్కపక్క రెండింటి మొత్తం) కూడా మీ సిలబస్‌లో ఉంటే ఇది చూడండి. ఎన్నో వరుసో ఆ సంఖ్యను మూడులో రాసి, ప్రతి 1కి ఒక 2ను, ప్రతి 2కి ఒక 3ను హెచ్చవేస్తే, ఆ వరుసలో 3తో భాగింపబడని సంఖ్యలు ఎన్నో వస్తుంది. నాలుగో వరుస 1, 4, 6, 4, 1. నాలుగు '11', కాబట్టి 2 × 2 = 4; ఒక్క 6 మాత్రమే మూడుతో పోతుంది. అయిదు '12', 2 × 3 = 6; 1, 5, 10, 10, 5, 1లో ఒక్కటీ పోదు. ఇక వేయో వరుసలో 1001 సంఖ్యలుంటే, మూడుతో భాగింపబడనివి 2 × 2 × 2 × 2 = 16 మాత్రమే. వరుసలను సున్నా నుంచి లెక్కపెట్టాలి, మొదటి 1 ఉన్నది సున్నా వరుస. ఇక్కడే చాలామంది ఒక వరుస పక్కకు పోతారు.

ప్రశ్న: వేయిలో 2 రాదని అంత పట్టింపుగా రాశారు. 2 రాకపోతే ఏమిటి విశేషం?
– పాఠకుడు, జగిత్యాల

జవాబు: 2 రాని సంఖ్యలు పలుచన. 0 నుంచి 2186 దాకా 2187 సంఖ్యల్లో 128 మాత్రమే, వేయి వాటిలో ఒకటి. మొదలు నుంచి రాస్తే 0, 1, 3, 4, 9, 10, 12, 13, 27... వీటిలో ఏ మూడు తీసుకున్నా అంకశ్రేఢిలో ఉండవు. అంటే ఒకటి మిగతా రెండింటికి సరిగ్గా నడుమ రాదు. నడిమి దాన్ని రెట్టింపు చేస్తే అంకెలన్నీ 0 లేదా 2 అవుతాయి. అటూ ఇటూ ఉన్న రెండింటిని కూడినప్పుడు ఒక స్థానంలో 2 రావాలంటే రెండింటా 1 ఉండాలి, 0 రావాలంటే రెండింటా 0 ఉండాలి. అప్పుడు ఆ రెండూ ఒకటే సంఖ్య అయిపోతాయి.

ఇక తేలని సంగతి ఒకటి. 2 ఘాతాలను మూడులో రాయండి: 1 = '1', 4 = '11', 256 = '100111'. ఈ మూడింట్లో 2 లేదు. 512 = '200222', 1024 = '1101221'. ఎనిమిదో ఘాతం దాటాక 2 లేని 2 ఘాతం మళ్లీ రాదని హంగరీ గణితజ్ఞుడు పాల్ ఎర్డోష్ ఊహించాడు. నిరూపణ ఇప్పటికీ లేదు.

కొంత మేర మీరే కొట్టేయొచ్చు. బేసి ఘాతాలన్నీ చివర 2తోనే ముగుస్తాయి, అవి పోయాయి. మిగిలింది 4 ఘాతాలు. వాటి చివరి రెండంకెలు '01', '11', '21' అని తిరుగుతుంటాయి, '21' వచ్చినవి పోయాయి. ఆరింటిలో నాలుగు ఇక్కడే తేలిపోయాయి. ఇంకో స్థానం చూస్తే ఇంకొన్ని పోతాయి. ప్రతి స్థానంలో కొన్ని పోతూనే ఉంటాయి కానీ, ఎన్ని స్థానాలు చూసినా కొన్ని మిగిలే ఉంటాయి. అందరూ ఆగింది అక్కడే. చేత్తో చేసి చూడాలనుకుంటే రెట్టింపు ఇలా: కుడి నుంచి 0 అయితే 0, 1 అయితే 2, 2 అయితే 1 రాసి పక్కకు ఒకటి, పక్క నుంచి వచ్చిన ఒకటిని మరవకుండా కలపండి.

ప్రశ్న: ఇవన్నీ చేత్తో కాకుండా కంప్యూటర్‌లో మార్చుకోవచ్చా? విండోస్ కాలిక్యులేటర్‌లో మూడు ఆధారం కనబడలేదు.
– జిరాక్స్ సెంటర్ నిర్వాహకుడు, హుజూరాబాద్

జవాబు: ఆ కాలిక్యులేటర్ ప్రోగ్రామర్ మోడ్‌లో 2, 8, 10, 16 ఆధారాలే ఉంటాయి. ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ బేస్ అనే ఫంక్షన్ వాడండి: బ్రాకెట్లో ముందు సంఖ్య, కామా, తర్వాత 3. వెనక్కి మార్చడానికి డెసిమల్ అనే ఫంక్షన్, అదే వరుసలో. ఒక్క జాగ్రత్త. బేస్ ఇచ్చే జవాబు అక్షరాల వరుస, సంఖ్య కాదు. అలాంటి రెండు గడులను ప్లస్ గుర్తుతో కూడితే షీటు వాటిని మామూలు సంఖ్యలనుకుని '12', '12' కలిపి 24 అని చూపిస్తుంది. రావాల్సింది '101'. ముందు డెసిమల్‌తో పదిలోకి తెచ్చి, కూడి, ఆ తర్వాతే మళ్లీ బేస్‌తో మూడులోకి మార్చండి.